ఉదయగిరి దుర్గం ఎక్కబోయే మా బుజ్జమ్మకు

కావలి

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "మీ మేనకోడలు సంక్రాంతి సెలవుల్లో ఉదయగిరి దుర్గం ఎక్కుతుందంట. నా మాట వినడం లేదు, మీరన్నా చెప్పండి వదినా" అని ఒకటే గోల. సరే చెప్తాలే అన్నాను. ఫోన్ పెట్టేసి పడుకున్నానే గానీ రెండింటి దాకా నిద్ర పట్టలేదు. సగం టెన్షన్. మిగతా సగం ఏమిటో నీకు చెప్పను, నెత్తికెక్కుతావు.

వద్దని చెప్పడానికి రాయడం లేదు. పొద్దస్తమానం ఏసీ గదిలో లాప్‌టాప్‌కి అతుక్కుపోయి, చెట్టూ పుట్టా స్క్రీన్ మీదే చూసుకునే పిల్ల కొండెక్కుతానంటే వద్దనడానికి నాకు నోరు రాదు. అందులోనూ ఉదయగిరి. ఆ ఊళ్లో ఆరేళ్లు సైన్సు టీచరుగా చేశాను. పొద్దున ప్రార్థనకు నిలబడినప్పుడు ఎదురుగా కొండ ఏ రంగులో ఉందో చూస్తే ఆ రోజు ఎండ ఎంతో తెలిసిపోయేది.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, తగ్గొద్దు. పైన కోనేరుంది కదా అనుకోకు. కొత్త బూట్లు వద్దు. రాళ్ల సందుల్లో చేతులు పెట్టకు, పింజరి ఉంటుంది. తెల్లవారుజామునే మొదలుపెట్టు. ఫారెస్టు వాళ్లకు ముందే చెప్పి, దారి తెలిసిన ఊరి మనిషిని ఒకర్ని వెంట తీసుకో. మన జిల్లాకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి సంక్రాంతికి కొండ పచ్చగా ఉంటుంది. టైము మాత్రం బాగానే ఎంచుకున్నావు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

1987 జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని పద్దెనిమిది మందిని నేను ఆ కొండకు తీసుకెళ్లాను. మొక్కలు చూపించడానికి అని హెడ్మాస్టరుకు చెప్పాను గానీ, నా మనసులో ఉన్నది కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న పిట్ట 1986లో కొండలకు అవతల కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పేపర్లో చదివి నాకు పిచ్చి పట్టినట్టయింది. 1848లో ఆ పిట్ట సంగతి లోకానికి తెలియడానికి కారణమైన జెర్డన్ దొర మన నెల్లూరులో డాక్టరుగా పనిచేసినవాడే. యానాదుల దగ్గర కూర్చుని పిట్టల పేర్లు అడిగి రాసుకున్నాడు. కడపలో ఉన్నది మన కొండల్లో ఎందుకుండకూడదు? ఇక్కడా కలివి పొదలున్నాయి, ఇక్కడా రాళ్లున్నాయి. పిల్లలకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

సగం దూరం ఎక్కాక ఒక పిల్ల హవాయి చెప్పు తెగింది. కాలికి రాయి గీరుకుని రక్తం. నడవలేనని అనలేదు పాపం, వెనకబడిందంతే. నాకేమో పొద్దెక్కిపోతోందని తొందర. పడిపోయిన కోట గోడ నీడలో కూర్చోబెట్టి, నా టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా చేతికిచ్చి, "ఇక్కడే కూర్చో, కదలకు. గంటలో వచ్చేస్తాం" అని చెప్పి మిగతా వాళ్లతో పైకి వెళ్లాను.

పైన నిజంగానే పొదల మధ్య ఏదో గోధుమరంగుది పరుగెత్తింది. ఇంకేముంది, పిల్లలందర్నీ నోరు మూసుకోమని సైగ చేసి నేను దాని వెంట పడ్డాను. అది ఆగితే నేనాగడం, అది కదిలితే నేను కదలడం. చీర అంచు ముళ్లకు పట్టి చిరిగింది, చూసుకోలేదు. ఎంతసేపయిందో తెలియదు. చివరికి అది లేచి నా తల మీదుగా అరుచుకుంటూ పోయింది. తీతువు! మన చెరువు గట్ల మీద రోజూ కనబడే తీతువు.

తీతువు అరిస్తే కీడని ఊళ్లో అంటారు. నేను నమ్మను, పిల్లలకూ నమ్మొద్దనే చెప్పాను. కానీ ఆ అరుపు విన్నాకే గోడ దగ్గర కూర్చోబెట్టిన పిల్ల గుర్తొచ్చింది. వాచీ చూస్తే మూడు గంటలు దాటింది.

గోడ దగ్గర డబ్బా ఉంది, పిల్ల లేదు. అన్నం ముట్టుకోలేదు. పదిహేడు మంది ఒక్కసారి పేరు పెట్టి అరిచారు. కొండ ఆ పేరే తిరిగి అరిచింది తప్ప జవాబు లేదు. బుజ్జమ్మా, దిగుతూ ప్రతి లోతులోకీ తొంగి చూశాను. ఇంకేం రాయను దాని గురించి.

చీకటి పడే వేళకు కొండ కింద మేకలు కాసుకునే అవ్వ గుడిసె ముందు పిల్ల కనబడింది. సంగటి తింటోంది. దారి తప్పి ఏడుస్తుంటే అవ్వ విని దించుకొచ్చిందట. అవ్వ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, ఒక్కటీ అబద్ధం కాదు. పిల్ల మాత్రం ఏమీ అనలేదు. నేను దగ్గరికి తీసుకుంటే మెల్లగా చెప్పింది: "గంటంటే అరవై సార్లు అరవై కదా టీచర్. లెక్కపెట్టాను. అయిపోయింది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ మొదట్నుంచి పెట్టాను."

ఇంకో సంగతి తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాను. కలివికోడి రాత్రిపూట తిరిగే పిట్ట. 1986లో దొరికింది కూడా రాత్రే. మిట్టమధ్యాహ్నం దాని కోసం నేను ముళ్లలో పాకాను. సైన్సు టీచర్ని!

అందుకే చెప్తున్నాను. మీరు ఐదుగురు. ఐదుగురూ ఒక్క గుంపుగానే ఉండాలి. అందరికంటే మెల్లగా నడిచేవాళ్లు ముందు నడవాలి, వెనక కాదు. ఒకరికి కాలు నొప్పయితే అందరికీ నొప్పే, అక్కడికి ఆపి దిగిపోండి. "నువ్వు కూర్చో, మేం పోయొస్తాం" అనే మాట మీలో ఎవరి నోటా రాకూడదు. ఫోటో కోసమైనా సరే, "ఐదు నిమిషాలు" అయినా సరే. కొస దాకా ఎక్కలేదని ఎవరైనా నవ్వితే, కృష్ణదేవరాయలంతటి వాడికే ఆ కోట చిక్కడానికి ఏడాదిన్నర పట్టిందని చెప్పు. 1514లో గానీ చేతికి రాలేదు.

పాటల డబ్బా ఒకటి మోసుకుపోతారట కదా, బ్లూటూత్‌దో ఏదో. దాన్ని ఇంట్లో పడెయ్. అరిచినా వినబడకపోతే ఏం చేస్తావే? అసలు పాటలు వినడానికి అంత దూరం పోవాలా?

కోప్పడ్డానని అలగకు. నేను ఇప్పుడు డాబా మెట్లు ఎక్కడానికే గోడ పట్టుకుంటున్నాను. పైన పిట్టలకు మట్టి మూకుడులో నీళ్లు పెట్టి కుర్చీ వేసుకుని కూర్చుంటాను, అదే నా కొండ. ఈ కాలంలో అప్పుడప్పుడు గూడబాతులు బారుగా పోతాయి, నేలపట్టు వైపేమో అనుకుంటాను. అక్కడ చెరువు నీళ్లలో నిలబడే కడప చెట్ల మీద గూళ్లు పెడతాయి. నువ్వు ఆరేళ్లప్పుడు నా భుజం మీద కూర్చుని వాటిని చూసి "అత్తా, వాటి మూతికి సంచి ఎందుకు" అని అడిగావు. కొండ దిగాక ఒక రోజు నన్ను కూడా తీసుకెళ్లు. అక్కడ ఎక్కే పని లేదు.

దిగగానే ఐదుగుర్నీ వరసగా నిలబెట్టి ఫోటో తీసి పంపు. మొహాలు కనబడాలి.

ఏదైనా పొదల్లోంచి పరుగెత్తితే వెంటపడకు. ఉన్నచోటే నిలబడి, మెడ కింద రెండు గోధుమరంగు పట్టీలు ఉన్నాయేమో చూసి చెప్పు.

మీ అత్త