నూనె వడపోస్తే పాత ట్రాన్స్‌ఫార్మర్ బాగుపడుతుందా?

ప్రశ్న: మా రైస్ మిల్లులో 315 కేవీఏ, 11 కేవీ/433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. బ్రీదర్‌లోని సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకు తిరిగింది. నూనె టీ డికాక్షన్‌లా ఉంది. ఆయిల్ ఫిల్టర్ చేయిస్తే చాలని ఒకరూ, వైండింగ్ మొత్తం మార్చాల్సిందేనని మరొకరూ అంటున్నారు. సీజన్ మొదలయ్యేలోగా ఏది చేయించాలి?
— ఒక మిల్లు యజమాని, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: పరీక్షలు జరగకముందే ఆ రెండింటిలో దేనికీ ఒప్పుకోకండి. ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు నూనెలో కన్నా వైండింగ్ తీగెలకు చుట్టిన కాగితంలో ఉంటుంది. నూనెను వడపోయవచ్చు, కావాలంటే మార్చవచ్చు. వేడికీ తేమకూ ఆమ్లానికీ పెళుసుబారిన కాగితాన్ని మాత్రం ఏ ఫిల్టర్ యంత్రమూ బాగుచేయలేదు.

ముందుగా, ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చుకునే బ్రీదర్ సంగతి చూడండి. మిల్లు నడిచేటప్పుడు నూనె వేడెక్కి పొంగితే ట్యాంకు పైనున్న నూనె డ్రమ్ము అయిన కన్జర్వేటర్‌లోని గాలి బయటికి పోతుంది, మిల్లు ఆగి నూనె చల్లబడితే బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ వచ్చే గాలిలోని తేమను పట్టి ఉంచడమే సిలికా జెల్ పని. జెల్ రంగు మారి ఎన్ని నెలలైందో అన్ని నెలలూ మీ ట్రాన్స్‌ఫార్మర్ తడిగాలి పీల్చిందన్నమాట. బ్రీదర్ అడుగున ఉండే చిన్న కప్పును కూడా విప్పి చూడండి. అందులో గీత వరకు నూనె ఉండాలి. చాలాచోట్ల అది ఎండిపోయి, అడుగున ఊక దుమ్ము గట్టిపడి ఉండడం నేను చూశాను. ఆ కప్పు ఖాళీగా ఉంటే బయటి గాలి ఎల్లవేళలా తగులుతూ కొత్తగా పోసిన జెల్‌ను కూడా త్వరగా పాడుచేస్తుంది. ఇంత చిన్న పనిని పట్టించుకోనందువల్ల అంత విలువైన యంత్రాలు దెబ్బతినడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

తరువాత, వాన లేని రోజున నూనె నమూనా తీయించండి. నీరు అడుగుకు చేరుతుంది కనుక కింది వాల్వు నుంచే తీయాలి. మొదట కొంత నూనె వదిలేసి, పొడిగా ఉన్న గాజు సీసాను అదే నూనెతో కడిగి, ఆ తరువాత నింపాలి. 2.5 మిల్లీమీటర్ల ఎడంలో నూనె ఎన్ని కిలోవోల్టులు తట్టుకుంటుందో చెప్పే బీడీవీ, వాడుకలో ఉన్న ఈ తరగతి ట్రాన్స్‌ఫార్మర్‌కు 30కి తగ్గకూడదు. బీడీవీ తగ్గి, ఆమ్లత్వం తక్కువగానే ఉంటే ఫిల్టర్ చేయిస్తే సరిపోతుంది. ఆమ్లత్వం, అంటే గ్రాము నూనెలోని ఆమ్లాన్ని విరచడానికి పట్టే పొటాషియం హైడ్రాక్సైడ్, 0.3 మిల్లీగ్రాములు దాటితే మాత్రం, వేడితోనూ వాక్యూమ్‌తోనూ నీటిని, మురికిని తీసే మామూలు ఫిల్టరేషన్ ఆ ఆమ్లత్వాన్ని తగ్గించలేదు. అప్పుడు నూనె మార్చడమే మేలు. మీరు చెప్పిన రంగును బట్టి నాకు ఈ అనుమానమే ఎక్కువగా ఉంది.

కాగితం సంగతి తెలుసుకోవడానికి ట్యాంకు తెరవనక్కరలేదు. కాగితం చెడేకొద్దీ ఫ్యురాన్లు అనే పదార్థాలు నూనెలోకి దిగుతాయి కాబట్టి, అదే నమూనాలో ఆ పరీక్ష కూడా అడగండి. నూనె మార్చాలన్న ఆలోచన ఉన్నా ఈ పరీక్ష ముందే జరగాలి, కొత్త నూనెలో పాత కాగితం జాడ దొరకదు. ఫ్యురాన్లు బాగా ఎక్కువగా ఉండి, వైండింగ్ ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మెగ్గర్ రీడింగులు కూడా ఏటేటా పడిపోతుంటేనే వైండింగ్ మాట ఎత్తాలి. మెగ్గర్ రీడింగుతో పాటు నూనె ఉష్ణోగ్రతను తప్పక రాయించండి. 10 డిగ్రీలు పెరిగితే రీడింగు దాదాపు సగానికి పడిపోతుంది కనుక, ఉష్ణోగ్రత లేని అంకెను మరో ఏటి అంకెతో పోల్చలేము. ఫిల్టర్ చేయించినా, చేసినవారి దగ్గర ముందటి, తరువాతి బీడీవీ అంకెలు రెండూ రాతపూర్వకంగా తీసుకోండి.

మెగ్గర్ పెట్టేముందు, తీగెలు బయటికి వచ్చే పింగాణీ బుషింగులు తుడిచేముందు విద్యుత్ సంస్థ నుంచి లైన్ క్లియర్ (లైన్‌లో సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, 11 కేవీ లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, హెచ్‌టీ (11 కేవీ) వైపు, ఎల్‌టీ (433 వోల్టుల) వైపు రెండింటికీ ఎర్త్ వేయించండి. మీ మిల్లులో జనరేటర్ ఉంటే దాన్ని విడదీసి తాళం వేసి, తాళంచెవి పని చేసే మనిషి జేబులోనే ఉండేటట్లు చూడండి. ఎవరో తెలియక జనరేటర్ వేస్తే ఆ 433 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి అవతలి వైపు 11 కేవీ అవుతాయి. మెగ్గర్ రీడింగు కోసం తొలగించిన ఎర్త్‌ను రీడింగు అయిన వెంటనే మళ్లీ వేయించండి.