మధ్యలో ప్లస్ ఉంటే పవర్లు కలపొద్దు

ప్రశ్న: సార్, బీఏ చదివాను. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని పోటీ పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను. 2 పవర్ ఎక్స్ + 2 పవర్ (ఎక్స్+1) = 24 అనే లెక్కలో, రెంటికీ బేస్ 2 కదా అని పవర్లు కూడి 2 పవర్ (2ఎక్స్+1) = 24 అని రాశాను. ఆ తర్వాత కదలట్లేదు. కీలో జవాబు 3 అని ఉంది. ఎలా వచ్చింది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, పవర్లు కూడేది రెండు పదాలను గుణించినప్పుడు. ఇక్కడ మధ్యలో ఉన్నది ప్లస్. నమ్మకం కుదరకపోతే ఎక్స్ బదులు 1 వేసి చూడండి. అసలు లెక్కలో ఎడమ వైపు 2+4, అంటే 6. మీరు రాసినదాంట్లో 2 పవర్ 3, అంటే 8. రెండూ ఒకటి కాలేదు, కాబట్టి ఆ స్టెప్ చెల్లదు. సూత్రం మీద ఏ కాస్త అనుమానం వచ్చినా ఇలా చిన్న అంకె వేసి చూసుకోమని నా క్లాసులో పిల్లల వెంట పడేవాణ్ణి.

2 పవర్ (ఎక్స్+1) అంటే 2 పవర్ ఎక్స్‌కి రెట్టింపు, అంతే. 2 పవర్ ఎక్స్ ఒకటి, దాని రెట్టింపు ఇంకో రెండు, మొత్తం మూడు. మూడు కలిస్తే 24 అయితే ఒక్కోటి 8. ఎనిమిదంటే 2 పవర్ 3. ఎక్స్ = 3.

4 పవర్ ఎక్స్ – 2 పవర్ ఎక్స్ = 56 లాంటివీ మీకు తగులుతాయి. 2 పవర్ ఎక్స్‌ని వై అనుకుంటే 4 పవర్ ఎక్స్ వై స్క్వేర్ అవుతుంది. వై స్క్వేర్ – వై – 56 = 0. వై విలువ 8 లేదా –7. ఎక్స్ ఏదైనా సరే 2 పవర్ ఎక్స్ మైనస్‌లోకి పోదు, కాబట్టి –7 కొట్టేయండి. మళ్లీ ఎక్స్ = 3. ఆ –7 దగ్గరే చాలామంది మార్కు పోగొట్టుకుంటారు, నాకు బాధనిపించేది.

ఇక 3 పవర్ ఎక్స్ = 20 ఇస్తే బేసులు కలవవు. 9కీ 27కీ మధ్య ఉంది గనక ఎక్స్ 2కీ 3కీ నడుమ ఉంటుందని ముందే అంచనా వేసుకోండి. ఆపైన గణితజ్ఞుడు నేపియర్ 1614లో లోకానికిచ్చిన లాగ్ (లాగరిథమ్) ఉండనే ఉంది. ఒక సంఖ్య రావాలంటే బేస్‌కి ఎంత పవర్ వేయాలో చెప్పేదే లాగ్. లాగ్ 20ని లాగ్ 3తో భాగించాలి: 1.3010 బై 0.4771, సుమారు 2.727. కానీ లాగ్‌ని ప్లస్‌కి అటూ ఇటూ విడదీయకూడదు. మీ లెక్కలో మొదటే లాగ్ వేస్తే దారి మూసుకుపోతుంది. ముందు ఒక్క పదానికి తెచ్చుకోవాలి.

కోఠిలో పాత పుస్తకాల దగ్గర మన పదో తరగతి గణితం అడగండి. మొదటి అధ్యాయం, వాస్తవ సంఖ్యల్లోనే లాగ్ ఉంటుంది. ఈలోగా ఇది చేయండి: 3 పవర్ (ఎక్స్+2) – 3 పవర్ ఎక్స్ = 72. జవాబు 2 రావాలి. రాకపోతే మీరు వేసిన స్టెప్పులన్నీ రాసి పంపండి, ఎక్కడ ఆగిందో చూస్తాను.