ఇంగ్లండ్‌లో బిల్డర్లకు పురావస్తు సలహాలు: ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఆర్కియాలజీలో ఎంఏ రెండో ఏడాది చదువుతున్నాను. ఇంగ్లండ్‌లో ప్లానింగ్ పర్మిషన్ కోసం బిల్డర్లకు సలహాలిచ్చే పురావస్తు కన్సల్టెన్సీలు ఉంటాయని విన్నాను. అక్కడ పనేమిటి? నేరుగా కన్సల్టెంట్‌గా చేరొచ్చా?

జవాబు: నేరుగా చేరే అవకాశాలు తక్కువ. ఒకవేళ దొరికినా, ముందు కొన్నాళ్లు తవ్వకాల్లో పనిచేయమనే చెబుతాను. మట్టి పొరలను స్వయంగా గీకి చూడనివాళ్లు నేల కింద ఏముందో అంచనా రాస్తే, ఆ రాత తేలిపోతుంది.

1989లో లండన్‌లో ఆఫీసు భవనం కట్టబోయే చోట, షేక్‌స్పియర్ కాలం నాటి రోజ్ థియేటర్ పునాదులు బయటపడి పెద్ద గొడవైంది. మరుసటి ఏడాదే పీపీజీ 16 అనే ప్రభుత్వ మార్గదర్శకం వచ్చింది. పర్మిషన్ ఇవ్వకముందే నేలలో ఏముందో తేల్చాలి, ఆ ఖర్చు భవనం కట్టేవాళ్లే పెట్టుకోవాలి అన్న పద్ధతి దాంతో స్థిరపడింది. 2012 నుంచి ఎన్‌పీపీఎఫ్ అనే జాతీయ విధానం దాన్నే కొనసాగిస్తోంది.

కన్సల్టెంట్ మొదట చేసేది డెస్క్ బేస్డ్ అసెస్‌మెంట్. ఆ జిల్లా పురావస్తు రికార్డులు, పాత మ్యాపులు, విమానం నుంచి తీసిన ఫొటోలు, బోరు వేసినప్పటి మట్టి వివరాలు అన్నీ చదివి రిపోర్టు రాయాలి. పాత మ్యాపులో భవనం కనబడితే సరిపోదు. దానికి లోతైన సెల్లార్ ఉంటే కింది పొరలు అప్పుడే పోయి ఉంటాయి. అదే నది ఒండ్రు కప్పేసిన చోటైతే రోమన్ కాలపు చెక్క కూడా చెక్కుచెదరకుండా దొరకొచ్చు. ఈ ఆలోచనే ఈ వృత్తికి ప్రాణం, నాకు బాగా నచ్చేదీ ఇదే.

రిపోర్టును స్థానిక కౌన్సిల్ తరఫు పురావస్తు సలహాదారు చూస్తారు. అనుమానముంటే ట్రయల్ ట్రెంచులు, అంటే పరీక్ష కోసం కొన్ని కందకాలు, తవ్వమంటారు. అవశేషాలుంటే పునాదుల డిజైన్ మార్చడమో, అక్కడ భవనం బదులు పార్కింగ్ పెట్టడమో సూచించేది మీరే. ఫీజిచ్చేది బిల్డరైనా, ఉన్నదాన్ని లేదని రాయకండి. జేసీబీ దిగాక అస్థిపంజరాలు బయటపడితే పని ఆగుతుంది, మీ క్లయింటే నష్టపోతాడు.

మొదట్లో జీతం పెద్దగా ఉండదు, ఇంట్లోవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి. వీసా ఫీజు కట్టేముందు దాని నిబంధనలు బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైట్లోనే చూసుకోండి. మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడే నేర్చుకోండి. డ్రైవింగ్ లైసెన్సు, నిర్మాణ స్థలాల్లో అడిగే సీఎస్‌సీఎస్ కార్డు, చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఆర్కియాలజిస్ట్స్ సభ్యత్వం అక్కడికి వెళ్లాక పనికొస్తాయి.

ఇంకో పని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్లో ఇంగ్లండ్ పాత మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, హెరిటేజ్ గేట్‌వే అనే సైట్లో పురావస్తు రికార్డులుంటాయి. ఏదో ఒక ఖాళీ స్థలం ఎంచుకుని నాలుగు పేజీల అసెస్‌మెంట్ రాసి, మీ ప్రొఫెసర్‌తో దిద్దించుకోండి. దరఖాస్తుతో పాటు దాన్నే జతచేయండి.