పోలీసుకు క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ ఉందంటే ఇక కేసు నిలబడదా?

అమెరికా వచ్చిన మీ మామగారిని పోలీసు కింద పడేశాడని, క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అడ్డొస్తుందని లాయరు అన్నారని రాశారు. అప్పుడే ఆశ వదులుకోకండి. టెక్సాస్‌లో మా పొరుగింటి పెద్దాయనకు ఇలాంటి దావాలోనే నేను దుభాషిగా ఉన్నాను.

మన దేశంలో పోలీసుపై కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి కావాలంటారే, ఇది అటువంటిది కాదు. క్రిమినల్ కేసుకు అసలు వర్తించదు. 1871 నాటి పౌరహక్కుల చట్టం కింద నష్టపరిహారం అడిగినప్పుడు, తాను చేసినది తప్పని అప్పటికే స్పష్టంగా స్థిరపడిన చట్టం లేదని ఆ అధికారి చెప్పుకునే రక్షణ ఇది. కాబట్టి బలప్రయోగం మితిమీరిందని చూపితే చాలదు. దాదాపు అలాంటి పరిస్థితిలోనే అది చెల్లదన్న పాత తీర్పును కూడా సాధారణంగా చూపవలసి ఉంటుంది.

మా పెద్దాయన కేసులో లాయరు బాడీ కెమెరా వీడియోను ఒకచోట ఆపి, "ఇక్కడ మీ కుడిచేయి ఎటు పోతోంది?" అని అడిగారు. "కళ్లజోడు జారిపోతుంటే పట్టుకోబోయాను బాబూ" అన్నారాయన. అవతలివారు దానినే ప్రతిఘటన అన్నారు. చేయి లాక్కున్న మనిషిపై అంత బలం వాడరాదని చెప్పిన పాత తీర్పు లేదంటూ జడ్జి ఆ అధికారిని దావా నుంచి తప్పించారు. మణికట్టు విరిగిన మనిషికి ఆ మాట తెలుగులో చెప్పవలసి వచ్చింది నేనే. అది న్యాయమని నేను ఈనాటికీ ఒప్పుకోలేను.

అయితే 2015లో అలబామాలోని మాడిసన్‌లో, కొడుకు ఇంటికి వచ్చిన ఇంగ్లిషు రాని గుజరాతీ తాతను ఒక పోలీసు నేలకేసి కొట్టగా ఆయన శరీరం పాక్షికంగా చచ్చుబడింది. క్రిమినల్ కేసులో ఆ అధికారి బయటపడినా, ఎదురు తిరగని మనిషిపై అనవసర బలం వాడరాదన్నది స్థిరపడిన చట్టమేనని, జ్యూరీ ఆ తాత మాట నమ్మడానికి ఆధారం ఉందని చెప్పి 2020లో అప్పీలు కోర్టు ఇమ్యూనిటీ నిరాకరించింది. మరుసటి ఏడాది 17.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. విచారణకు ముందే అధికారి అప్పీలుకు వెళ్లగలడు కనుకనే ఇన్నేళ్లు పడుతుంది.

నగరపాలక సంస్థకు ఈ రక్షణ లేదు, కానీ దాని విధానమో అలవాటో కారణమని రుజువు చేయాలి. దావా గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, టెక్సాస్‌లో రెండేళ్లు. వీడియోలు చెరిపేయవద్దని లాయరు చేత ఈ వారమే లేఖ పంపించండి. చేతులు ఎక్కడున్నాయో, ఏ మాట అర్థం కాలేదో మామగారి నోటివెంట వచ్చినట్టే తెలుగులో రాసి తేదీ వేయండి.