ఐరన్ మెయిడెన్ ధ్వని ఏళ్లు గడిచేకొద్దీ ఎందుకు మారింది?

2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ కచేరీ జరిగిన నాటి నుంచి ఆ బ్యాండ్‌ను వింటున్న ఇక్కడి తెలుగువారిలో కొందరు, 1980 నాటి తొలి ఆల్బమ్‌కూ ఇటీవలి వాటికీ అంత తేడా ఎందుకని అడుగుతుంటారు.

మొదటి కారణం గొంతు. తొలి రెండు ఆల్బమ్‌లలో పాల్ డియానో గరుకు గొంతులో పంక్ (మెరుగులు దిద్దని, దూకుడైన రాక్ శైలి) ఛాయ వినిపిస్తుంది. 1982 ఆల్బమ్‌తో వచ్చిన బ్రూస్ డికిన్సన్ తారస్థాయిలో స్వరాన్ని చాలాసేపు నిలపగలవాడు కనుక, విస్తారమైన కథాగీతాలకు వీలు కలిగింది. 1986లో గిటార్ సింథసైజర్లు (గిటార్‌తో ఎలక్ట్రానిక్ ధ్వనులు పలికించే పరికరాలు) చేరి ధ్వని నునుపెక్కింది.

నా దృష్టిలో అసలైన మలుపు 1999లో వచ్చింది. డికిన్సన్‌తో పాటు గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ తిరిగి వచ్చినప్పుడు, అతని స్థానంలో 1990లో చేరిన జానిక్ గెర్స్‌ను పంపించకుండా మొదటి నుంచీ ఉన్న డేవ్ మర్రేతో కలిపి ముగ్గురు గిటారిస్టులనూ ఉంచుకోవడం ఎంతో మంచి నిర్ణయం. అంతకుముందు రెండు గిటార్లు జంటగా పలికే చోట, ఇప్పుడు ఒకటి లయను పట్టి ఉంచగా తక్కిన రెండూ రాగాన్ని అల్లుకుపోగలవు. పాటల నిడివి కూడా పెరిగింది. 2015 ఆల్బమ్‌లోని చివరి పాట, డికిన్సన్ పియానోతో మొదలై, 18 నిమిషాలు సాగుతుంది.

అయినా బ్యాండ్‌ను 1975లో స్థాపించిన స్టీవ్ హారిస్ బాస్ గిటార్‌ను నేటికీ వేళ్లతోనే మీటుతాడు. అతను పలికించే గుర్రపు దౌడు లాంటి లయ మన ఛందస్సులోని భగణమే: ఒక గురువు, వెంటనే రెండు లఘువులు. మంచి హెడ్‌ఫోన్లతో 1983, 2000 ఆల్బమ్‌లను వెంటవెంటనే వింటే, మారినదీ మారనిదీ స్పష్టంగా తెలుస్తాయి.