ఇద్దరమే వెళ్తే అడవిలో 8 మైళ్ళు లోపలికెళ్ళి వేటలో కొట్టిన ఎల్క్‌ని (పెద్ద జింక జాతి జంతువు) ఎలా మోయాలి - సమాధానం
బ్రదర్, కొలరాడో ఫారెస్ట్‌లో 8 మైళ్ళు లోపలికి వెళ్తాం, ఇద్దరమే, మాంసం బయటికి ఎలా తేవాలి అన్నారు కదా, ముందు ఆ 8ని 3కి దించండి. పెద్ద బుల్ (మగ ఎల్క్) ఎముకలు తీసేసినా దగ్గర దగ్గర 200 పౌండ్లు ఉంటుంది, తలా 50 మోసినా రెండు ట్రిప్పులు, అంటే లోడుతో 8, ఖాళీగా వెనక్కి 8, మళ్ళీ లోడుతో 8, మొత్తం 24 మైళ్ళు, అదీ 10 వేల అడుగుల ఎత్తులో (నాకైతే మొదటిసారి 3 మైళ్ళకే దేవుడు కనిపించాడు). కొట్టగానే తోలు వలిచేసి ముక్కలు గేమ్ బ్యాగుల్లో (గాలి ఆడే గుడ్డ సంచులు) వేసి నీడలో కొమ్మకి వేలాడదీయండి, తోలుతో వదిలేస్తే చలిలో కూడా ఎముక దగ్గర పాడైపోద్ది. మగదో ఆడదో తెలిసే భాగం మాత్రం మాంసానికి అంటిపెట్టే ఉంచాలి, అది రూల్. లేదు 8 మైళ్ళే అంటారా, పర్మిట్ ఉన్న, గుర్రాల మీద మాంసం మోసిపెట్టే ప్యాకర్‌తో ఇప్పుడే మాట్లాడుకోండి, కొట్టాక వెతికితే దొరకడు.