మరదలి కంచం వేరు పెట్టకండి

ప్రశ్న: మాది గుత్తి దగ్గర పల్లె. తమ్ముడు పోయాక మరదలు, ఆరేళ్ల పాప మా ఇంట్లోనే ఉంటున్నారు. మరదలికి హెచ్‌ఐవీ. అనంతపురం పెద్దాసుపత్రి నుంచి మందులు తెచ్చుకుంటోంది. గృహ ప్రార్థనలో ఎవరో ఆమె జబ్బు పేరెత్తి ప్రార్థించారు, ఊరంతా తెలిసిపోయింది. చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. బల్ల ఆదివారం, అంటే ప్రభు భోజనం ఇచ్చే రోజు, అందరూ ఒకే గిన్నెలో తాగుతారు; ఆమె తాగిన గిన్నెను మేం ముట్టుకోం అంటున్నారు. అమ్మ కూడా ఇంట్లో కంచం, గ్లాసు వేరు చేసింది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మీ వంటింట్లో మొదలుపెట్టండి. ఇంట్లో కంచం వేరుగా ఉన్నన్నాళ్లూ చర్చిలో గిన్నె గురించి మీరేం చెప్పినా ఎవరూ వినరు. హెచ్‌ఐవీ ఎంగిలితో రాదు. ఒకే గ్లాసులో తాగినా, ఒకే మరుగుదొడ్డి వాడినా, బట్టలు కలిపి ఉతికినా రాదు. రక్తం, లైంగిక సంబంధం, తల్లి నుంచి బిడ్డకు గర్భంలో, కాన్పులో, పాల ద్వారా, ఇవే దాని దారులు. వేరుగా ఉండాల్సినవి బ్లేడు, పళ్ల బ్రష్షు, అంతే. అమ్మతో వాదించకండి. రోజూ మరదలి పక్కన కూర్చొని ఒకే గిన్నెలోని సంగటి తినండి, అమ్మ చూస్తుంది. పాపకు పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే ఈ వారమే చేయించండి.

నిజానికి దగ్గే మనిషి వల్ల ఆమెకే ఎక్కువ ప్రమాదం, టీబీ త్వరగా పట్టుకుంటుంది. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు, వీటిలో ఏది కనిపించినా హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో వెంటనే చెప్పమనండి.

మాత్ర రోజూ ఒకే వేళకు పడాలి. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే రోజుకొక్క మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. ఆమెదీ అదే అయితే కాల్షియం, ఐరన్, కడుపుమంటకు వాడే యాంటాసిడ్ మందులకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. లేకపోతే ఒంటికి సరిగా పట్టదు. ‘విశ్వాసముంటే మాత్రలెందుకు’ అనేవాళ్లు ఎదురవుతారు. వాళ్ల మాట విని మానేస్తే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. మానుతూ వేస్తూ ఉంటే ఆ మందే పనిచేయకుండా పోవచ్చు.

ఇక పాస్టరు గారి దగ్గరికి మరదలి అనుమతి తీసుకునే వెళ్లండి. వస్తానంటే వెంట తీసుకెళ్లండి. ఎవరి జబ్బు పేరూ ప్రార్థన మనవిలో చెప్పకూడదని కోరండి. ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ల సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. ఇలాంటి సందేహాలకు ప్రభుత్వ హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఆమె ఒక్కదానికే వేరే గిన్నె పెడతామంటే ఒప్పుకోకండి. చిన్న గిన్నెలు పెట్టదలిస్తే అందరికీ పెట్టమనండి.

బైబిల్లో మార్కు సువార్త 1వ అధ్యాయం పాస్టరు గారితో కలిసి చదవండి. కుష్ఠరోగిని యేసు ముందు ముట్టుకున్నాడు, రోగం ఆ తర్వాతే పోయింది. ముట్టుకోకుండానే మాటతో బాగుచేయగలవాడు, అయినా చెయ్యి చాపాడు. ఊరు వెలేసిన మనిషికి ఆ స్పర్శ ఎంత అవసరమో ఆయనకు తెలుసు. బాగయ్యాక యాజకుడికి కనపడమన్నాడు. అప్పట్లో ఊళ్లోకి తిరిగి రావడానికి అదే దారి. మనమేమో ఆ వరసను తిప్పేసి, ముందు శుద్ధి కావాలంటున్నాం.

చర్చిలో ఎక్కడ కూర్చుంటావో మరదలినే అడగండి. అందరి కళ్లూ తన మీదే ఉండే ముందు వరస ఆమెకు ఇష్టం లేకపోవచ్చు. ఎక్కడ కూర్చున్నా పక్క చోటు మీదే. బల్ల ఆదివారం ఆమె చేతి నుంచి గిన్నె మీరే అందుకోండి. అమ్మ వస్తానంటే మీ తర్వాత అమ్మకు ఇవ్వండి.